ది పాయింట్, మిల్టన్ కీన్స్: మూడు బోర్డులు మారేదాకా సినిమాలు చూసినవాడి సమీక్ష

హాలుగా ఐదుకి మూడు మార్కులు, చోటుగా ఐదుకి ఐదు. ముందే చెప్పేస్తున్నాను, తొందరున్నవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు.

ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్ ఊళ్ళో, 2015 ఫిబ్రవరిలో సినిమాలు ఆపేసిన ది పాయింట్ అనే థియేటర్‌కి ఇప్పుడు మార్కులేంటని మా ఆవిడే నవ్వింది. కానీ ఈ ఊరికి ఉద్యోగాల మీద వచ్చే మనవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు. ఏ పుట్టినరోజు పార్టీలోనో మాటల్లో బ్రిటన్‌లో మొట్టమొదటి మల్టీప్లెక్స్ ఈ ఊళ్ళోనే ఉండేదంటే ఒక్కరూ నమ్మరు. లండన్‌లో కదా ఉండాలి, ఈ రౌండబౌట్ల ఊళ్ళో ఎందుకుంటుంది అంటారు. ఎందుకుందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

బ్రిటన్‌లో 1946లో ఏడాదికి 163 కోట్ల టికెట్లు తెగేవి. 1984కి అది 5.4 కోట్లకి పడిపోయింది. ఇంట్లో టీవీ, దాని మీద వీడియో క్యాసెట్లు. పాత పెద్ద హాళ్ళని మధ్యలో గోడలు కట్టి రెండుగా, మూడుగా చీల్చారు. కొన్ని బింగో అనే అంకెల జూదం ఆడుకునే హాళ్ళయిపోయాయి. సినిమా హాలు వ్యాపారం ఇక అయిపోయిందని అందరూ అనుకుంటున్న సమయంలో అమెరికాలోని కాన్సస్ సిటీ నుంచి ఏఎంసీ అనే కంపెనీ వచ్చి, 1985 నవంబర్ 23న ఇక్కడ ఒకేసారి పది స్క్రీన్లు తెరిచింది. బాస్ అనే బీరు కంపెనీ తాలూకు వినోద విభాగం భాగస్వామి. అన్నీ కలిపి సుమారు రెండు వేల సీట్లు.

ఏఎంసీ వాళ్ళకి ఇది కొత్త ఆట కాదు. 1963లోనే కాన్సస్ సిటీలో ఊరి చివరి షాపింగ్ సెంటర్‌లో రెండు హాళ్ళు పక్కపక్కన కట్టి, ఒకే ప్రొజెక్టర్ గది, ఒకే తినుబండారాల కౌంటర్‌తో నడిపి చూశారు. ఊరి నడిమధ్య స్థలం వాళ్ళకి అక్కర్లేదు. విశాలమైన పార్కింగ్ కావాలి, కార్లున్న జనం కావాలి, హైవే దగ్గరుండాలి. బ్రిటన్‌లో ఈ మూడూ ఒకేచోట దొరికే ఊరు మిల్టన్ కీన్స్. 1967లో ప్రభుత్వం ప్రకటించి, కాగితం మీద గీసి కట్టిన కొత్త ఊరు ఇది. అడ్డ రోడ్లకి హెచ్, నిలువు రోడ్లకి వి అని నంబర్లు, కలిసిన ప్రతిచోటా రౌండబౌట్. ఎం1 మోటార్‌వే పక్కనే. ఊరంతా శివారే, అసలు ఊరు ఎక్కడుందో కొత్తవాళ్ళకి దొరకదు. అలాంటి ఊరికి సాయంత్రం ఏడు తర్వాత పోగయ్యే చోటు ఒకటి కావాల్సి వచ్చింది. ఆ చోటే ది పాయింట్.

ఇక కట్టడం సంగతి. ఫొటోల్లో అందరూ చూసేది అద్దాల పిరమిడ్. మెట్లు మెట్లుగా పైకి సన్నబడుతూ పోతుంది, దాని నాలుగు మూలల నుంచీ ఎర్రటి ఉక్కు దూలాలు లేచి పైన ఒకచోట కలుస్తాయి. రాత్రయితే ఆ దూలాల వెంట ఎర్ర నియాన్ వెలిగేది. మిడ్‌సమ్మర్ బౌలవార్డ్ మీద కారు తిప్పగానే ఎక్కడికెళ్ళాలో ఎవర్నీ అడగక్కర్లేదు. అయితే సినిమా ఆ పిరమిడ్‌లో ఉండేది కాదు. పిరమిడ్‌లో బారు, రెస్టారెంటు, నైట్‌క్లబ్బు, బింగో. సినిమా హాళ్ళు దాని వెనక, ఏ అలంకారమూ లేని పెద్ద రేకుల డబ్బాలో ఉండేవి. ఇంతమంది ఫొటోలు తీసుకున్నది పిరమిడ్‌ని, బ్రిటన్ అంతా కాపీ కొట్టింది మాత్రం వెనకున్న డబ్బాని. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో ఈ దేశంలో ఏ ఊరి శివార్లకెళ్ళినా అదే డబ్బా, అదే కార్ పార్క్, పక్కన అదే పిజ్జా షాపు. అందంగా ఉన్న సగాన్ని మళ్ళీ ఎవరూ కట్టలేదు. నాకు ఇది ఇప్పటికీ కొంచెం కడుపుమంటే.

నేను తెనాలిలో పెరిగినవాణ్ణి. ఒకే ఆవరణలో రెండు మూడు థియేటర్లుండటం మనకి కొత్త కాదు. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య 70, సంధ్య 35 పక్కపక్కనే. ఒకదాని ముందు హౌస్‌ఫుల్ బోర్డు చూసి పక్కదాని లైన్లోకి దూరడం మనందరికీ అలవాటే. కాబట్టి మొదటిసారి ది పాయింట్‌కి వెళ్ళినప్పుడు, ఓహో, కాంప్లెక్సే కదా అనుకున్నాను. తేడా ఎక్కడుందో తర్వాత అర్థమైంది. మన కాంప్లెక్స్‌లో ప్రతి హాలుకీ సొంత పేరు, సొంత బుకింగ్ కిటికీ, సొంత ఆపరేటర్. ఇక్కడ పది హాళ్ళకీ జనం ఆగే ముందు హాలు ఒకటే, కౌంటరూ ఒకటే. ప్రొజెక్టర్ల పక్కన రీలు రీలుగా మార్చే పని లేకుండా సినిమా మొత్తాన్ని ఒకే పెద్ద పళ్ళెం లాంటిదాని మీద చుట్టి వదిలేసేవాళ్ళు. ఒకరిద్దరు మనుషులు అన్నిటినీ చూసుకోగలిగేవారు.

ఇంకో తెలివి ఉంది. కొత్త సినిమాని మొదటి వారం పెద్ద హాల్లో వేసి, జనం పలచబడగానే చిన్న హాల్లోకి మార్చేవారు. మన దగ్గర షిఫ్టింగ్ అంటే బాక్సులు ఇంకో థియేటర్‌కి, ఒక్కోసారి ఇంకో వీధికి వెళ్ళాలి. ఇక్కడ అదే కప్పు కింద నాలుగు తలుపుల అవతలికి వెళ్తుంది. దానివల్ల పోస్టర్ మీద నాలుగైదు వారాలు నిలిచే సినిమాలు ఎక్కువ. బిజీగా ఉండి మొదటి వారం మిస్సయినా మూడో వారంలో నెమ్మదిగా వెళ్ళి చూసే భాగ్యం నాకు మొదట ఇక్కడే దొరికింది.

నేను వచ్చేసరికి బోర్డు యూసీఐది. ఏఎంసీ 1988లోనే బ్రిటన్‌లోని హాళ్ళు అమ్మేసి వెళ్ళిపోయింది. హాలీవుడ్ స్టూడియోలు పారామౌంట్, యూనివర్సల్ కలిసి నడిపే కంపెనీ వాటిని కొని యూసీఐ అని పేరు పెట్టింది. నేను చూసినవి ఆ బోర్డుకి చివరి రోజులు. 2000లో కూతవేటు దూరంలో ఎక్స్‌కేప్ తెరిచారు. లోపల మంచు జారుడుబండ, దాంతోపాటు సినీవరల్డ్ పదహారు స్క్రీన్లు. జనం అటు మళ్ళారు. శుక్రవారం సాయంత్రం అక్కడ లైన్లుంటే ఇక్కడ కావాల్సిన సీట్లో కూర్చోవచ్చు. చూసేవాడికి సుఖమే, నడిపేవాడికి కాదు. యూసీఐ వెళ్ళిపోయింది.

ఇక్కడి నుంచి కథ మలుపు తిరుగుతుంది. చాలామందికి తెలియని భాగం ఇదే కాబట్టి కొంచెం తీరిగ్గా చెబుతాను.

2003 మేలో ఆ హాళ్ళని ఈజీజెట్ విమానాల స్టెలియోస్ హాజీఅయొన్ను అద్దెకి తీసుకుని ఈజీసినిమా అని పెట్టాడు. బోర్డు నారింజ రంగుకి మారింది. టికెట్ 20 పెన్నీల నుంచి మొదలు. అప్పటి మారకంలో పదిహేను రూపాయలు చిల్లర. విమానం టికెట్ లాగే, ముందు బుక్ చేసుకుంటే చవక, ఆలస్యం చేస్తే పెరుగుతుంది. మంగళవారం మధ్యాహ్నం చవక, శనివారం రాత్రి ఖరీదు. టికెట్ కౌంటర్ లేదు. ఇంట్లో నెట్‌లో బుక్ చేసి బార్‌కోడ్ కాగితం ప్రింట్ తీసుకుని వెళ్ళాలి. పాప్‌కార్న్ కౌంటర్ కూడా ఎత్తేశాడు. తినాలనుకుంటే ఇంటి నుంచే తెచ్చుకోండన్నాడు.

చెప్పొద్దూ, ఆ చివరి మాటకి మనవాళ్ళం ఫిదా అయిపోయాం. ఆఫీసు ప్రింటర్ మీద బార్‌కోడ్లు, డబ్బాల్లో పకోడీలు, ఒక ఫ్లాస్కులో టీ. ఇప్పుడు హైదరాబాద్ మల్టీప్లెక్స్ గేటు దగ్గర బ్యాగు వెతికి మంచినీళ్ళ సీసా తీయించే సెక్యూరిటీని చూసినప్పుడల్లా నాకు ఆ పకోడీలే గుర్తొస్తాయి. మా గుంపులో రాజమండ్రి మిత్రుడొకడు సినిమా పేరు కూడా చూడకుండా బుక్ చేసేవాడు. "ఇరవై పెన్నీలకి ఏసీ హాల్లో రెండు గంటలు నిద్రపోయినా గిట్టుబాటే బావా" అనేవాడు.

మన దగ్గర ధరలో తేడా కూర్చునే చోటుని బట్టి ఉండేది. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ. మల్టీప్లెక్స్ వచ్చి ఆ తేడాని చాలావరకు చెరిపేసింది. ఈజీసినిమా తేడాని మళ్ళీ తెచ్చింది, కాకపోతే ఈసారి గడియారాన్ని బట్టి. తీరిక ఉన్నవాడికి చవక. నాకు ఈ పద్ధతి న్యాయంగానే అనిపించింది. ఏడాది మొత్తం చూస్తే థియేటర్ సీట్లలో నిండేది ఐదో వంతేనని, ఖాళీ సీటు మీద ఎంతొచ్చినా లాభమేనని స్టెలియోస్ వాదన. లెక్క తప్పు కాదు. అయితే విమానం అతనిది, సినిమా మాత్రం అతనిది కాదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. కొత్త సినిమాలకి డిస్ట్రిబ్యూటర్లు కలెక్షన్లో వాటా అడుగుతారు. టికెట్ 20 పెన్నీలైతే అందులో వాటా ఏం మిగులుతుంది? అతను వాటా కాదు, సినిమాకి ఇంత అని ఒకేసారి కట్టేస్తాను, ఆపైన టికెట్ ఎంతకి అమ్ముకున్నా నా ఇష్టం అన్నాడు. మన ట్రేడ్ భాషలో చెప్పాలంటే ఫిక్స్‌డ్ హైర్. పెద్ద డిస్ట్రిబ్యూటర్లు ఒప్పుకోలేదు. ఈ ఊళ్ళో అంత చవకగా వేస్తే పక్క ఊళ్ళో పూర్తి ధర పెట్టి ఎవరు చూస్తారని వాళ్ళ భయం. స్టెలియోస్ వ్యాపార పోటీని చూసే ప్రభుత్వ సంస్థకి ఫిర్యాదు చేశాడు, పత్రికలకెక్కాడు. చూసేవాళ్ళకి దక్కింది ఏంటంటే పాత సినిమాలు. అప్పటికే వేరే హాళ్ళలో ఆడి, డీవీడీకి దగ్గరపడ్డవి.

తర్వాత్తర్వాత బేరాలు కుదిరి కొన్ని కొత్త సినిమాలు వచ్చాయి. వాటితోపాటు ధరలూ పెరిగాయి. ధర పెరిగిన ఈజీసినిమాకీ మామూలు సినిమాకీ తేడా ఏముంది, పకోడీలు తప్ప. 2006లో లీజు అయిపోగానే నారింజ బోర్డు దిగింది.

ఈ గొడవ గుర్తుంచుకోమని ఎందుకంటున్నానంటే, 2025 మేలో తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు జూన్ 1 నుంచి హాళ్ళు మూసేస్తామన్నప్పుడు నాకు వెంటనే ది పాయింట్ మెదిలింది. అక్కడా ఇదే తగువు, కాకపోతే తలకిందులుగా. మన సింగిల్ స్క్రీన్‌లకి డిస్ట్రిబ్యూటర్ అద్దె కట్టి కలెక్షన్ తను తీసుకుంటాడు. మల్టీప్లెక్స్‌లకేమో వాటా ఇస్తాడు. మాకూ అద్దె వద్దు, పర్సంటేజీయే కావాలని హాళ్ళవాళ్ళు అడిగారు. మిల్టన్ కీన్స్‌లో హాలువాడు పర్సంటేజీ వద్దు, ఫిక్స్‌డే కావాలన్నాడు. పైకి చూస్తే ఎదురెదురు కోరికలు. లోపల మాత్రం ఒకటే ప్రశ్న: శుక్రవారం ఖాళీగా ఉంటే ఆ నష్టం ఎవరి నెత్తిన పడాలి? 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంచాయతీల్లో నాన్ ఏసీ హాలు చివరి తరగతి టికెట్ 5 రూపాయలని జీవో ఇచ్చినప్పుడు కూడా అందరూ ప్రేక్షకుడి జేబు గురించే మాట్లాడారు. టికెట్ ధర తగ్గితే పై నుంచి కింది దాకా పంపకాలన్నీ కదులుతాయని ది పాయింట్‌లో మూడేళ్ళు చూశాక నాకు బాగా అర్థమైంది. పాప్‌కార్న్ సంగతీ అంతే. టికెట్లో పెద్ద వాటా సినిమావాళ్ళకి పోతుంది, హాలు బతికేది కౌంటర్ మీద. ఆ కౌంటర్ ఎత్తేసి హాలు నడపాలనుకోవడం ధైర్యమే, నాకు నచ్చిన ధైర్యం, కానీ నిలబడే పద్ధతి కాదు.

ఆ తర్వాత ఓడియన్. దీని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. నీలం బోర్డు, మామూలు ధరలు, మళ్ళీ పాప్‌కార్న్ వాసన. సినిమాలు టైముకి వచ్చేవి. మా పిల్లల సెలవుల సినిమాలన్నీ దాదాపు ఈ కాలంలోనే, ఇక్కడే. రీళ్ళు పోయి డిజిటల్ వచ్చిందీ ఈ కాలంలోనే.

హాలుగా మూడు మార్కులే ఎందుకో కూడా చెప్పాలి. ఇది 1985 నాటి ఆలోచన. మెట్ల వరసల్లాగా ఒకరి తల మీదుగా ఒకరు చూసే సీటింగ్ మల్టీప్లెక్సుల్లో మామూలయింది 1995 తర్వాత. అంతకుముందు కట్టినవన్నీ కొంచెం వాలుగా ఉన్న నేల మీద సీట్లు వేసినవే, ఇదీ అంతే. పొడుగాటి మనిషి ముందు కూర్చుంటే కొంచెం మెడ తిప్పాలి. తెరలు కూడా మోస్తరు. సంధ్య 70లో జనం మధ్య కూర్చుని తల ఎత్తి తెర చూసిన వాడికి, రెండొందల సీట్ల హాలు మొదట్లో ప్రివ్యూ థియేటర్ లాగా అనిపిస్తుంది. అరుపులు లేవు, కాగితాలు చల్లేది లేదు, మధ్యలో విశ్రాంతి అనే కార్డే పడదు. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్తే సినిమా ఆపకుండా నడుస్తుంటే మా నాన్న, "ఇంటర్వెల్ ఎప్పుడ్రా, కాలు పట్టేసింది" అని చుట్టూ వినబడేలా అడిగాడు. ముందు వరసలోని తెల్లావిడ భాష తెలియకపోయినా నవ్వింది.

చోటుగా ఐదుకి ఐదు అన్నాను కదా. దానికి కారణం సినిమా కాదు. ఎదురుగా షాపింగ్ సెంటర్. బస్సులు దగ్గరే. ఆ రోజుల్లో సాయంత్రం ఆరు దాటితే చుట్టూ వందల కొద్దీ పార్కింగ్ జాగాలు ఉచితం. వర్షం పడుతుంటే ఎర్ర దూలాల కింద నిలబడి ఏ సినిమాకి వెళ్దామో అప్పటికప్పుడు తేల్చుకునేవాళ్ళం. కొత్తగా ఊళ్ళోకొచ్చిన వాళ్ళకి అడ్రసు చెప్పడం ఇంకో తలనొప్పి కాదు, "పాయింట్ దగ్గర ఆరున్నరకి" అంటే చాలు. రౌండబౌట్లన్నీ ఒకేలా ఉండే ఊళ్ళో అది చిన్న విషయం కాదు. ఇద్దరు సినిమాకి, ఒకరు బింగోకి వెళ్ళి మళ్ళీ అక్కడే కలిసేవాళ్ళూ ఉండేవారు. ఇప్పటి మల్టీప్లెక్స్‌కి నేరుగా కార్ పార్క్ నుంచి లోపలికి, లోపలి నుంచి కార్ పార్క్‌లోకి. ఎవరికోసం ఎక్కడ ఎదురుచూడాలో తెలియదు.

ఒక్క లోటు మాత్రం నిజం. మనకి ఇక్కడ తెలుగు సినిమా దొరికేది కాదు. ఆ రోజుల్లో పెద్ద హీరో సినిమా చూడాలంటే నాలుగు కుటుంబాలు కార్లు కట్టుకుని లండన్ వైపు వెళ్ళాల్సిందే. పది స్క్రీన్లుంటే పది రకాల సినిమాలు చూడొచ్చని మల్టీప్లెక్స్ గురించి మొదట్లో అందరూ చెప్పిన మాట. ఆచరణలో ఒకే పెద్ద సినిమా మూడు స్క్రీన్లలో అరగంట తేడాతో. ఇది ఒక్క ది పాయింట్ తప్పు కాదు, ఎక్కడైనా ఇంతే.

మూత సంగతికి వస్తే, అది ఉన్నట్టుండి జరగలేదు. ఊరి దక్షిణాన డెన్‌బీలో ఎంకే డాన్స్ ఫుట్‌బాల్ స్టేడియం పక్కన ఓడియన్ కొత్త హాళ్ళు కట్టింది, ఐమాక్స్ తెరతో సహా. 2015 ఫిబ్రవరిలో ఇక్కడ దీపాలు ఆర్పి అక్కడికి మారిపోయింది. ముప్పై ఏళ్ళు నిండడానికి కొన్ని నెలలే తక్కువ. అప్పటికే ఆ స్థలం విలువ, అందులోని పాత హాళ్ళ విలువకి అందనంత దూరం వెళ్ళిపోయింది. పడగొట్టి వేరేవి కట్టే ప్లాన్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి, చివరికి ఫ్లాట్ల దాకా. ఇరవయ్యో శతాబ్దపు కట్టడాల కోసం పనిచేసే ట్వంటీయత్ సెంచురీ సొసైటీ దీన్ని కాపాడాలని అడిగింది. రక్షిత కట్టడాల జాబితాలోకి మాత్రం ఎక్కలేదు. ఎదురుగా ఉన్న షాపింగ్ సెంటర్‌కి 2010లోనే ఆ గౌరవం దక్కింది. 1979లో మార్గరెట్ థాచర్ తెరిచిన కట్టడం అది. రోడ్డుకి ఒక పక్క చరిత్ర, ఇంకో పక్క ఖాళీ చేయాల్సిన జాగా! సరుకులు కొనే చోటు ముఖ్యం, సరదాగా గడిపిన చోటు కాదు అని ఎవరో రాసిపెట్టినట్టే ఉంది. నిపుణుల కారణాలు నిపుణులకి ఉంటాయి, నాకు మాత్రం సబబుగా అనిపించలేదు.

ఒక తమాషా ఏంటంటే, 2016 చివర్లో ఓడియన్ గొలుసు మొత్తాన్ని కొన్నది ఏఎంసీయే. 1985లో ఈ పది స్క్రీన్లు తెరిచి, మూడేళ్ళకే అమ్ముకుని వెళ్ళిపోయిన ఆ కాన్సస్ సిటీ వాళ్ళే, ఇక్కడ మూసేసిన రెండేళ్ళలోపే మళ్ళీ ఊళ్ళోకొచ్చారు. తాము కట్టిన హాలు మాత్రం అప్పటికే మూతపడింది, వాళ్ళ చేతిలోకి రాలేదు.

ఇప్పుడు మిల్టన్ కీన్స్‌కి కొత్తగా వస్తున్నవాళ్ళకి నా సలహా: తెలుగు సినిమాకి ఎక్స్‌కేప్‌లోని సినీవరల్డ్ చూడండి, పెద్ద సినిమాలైతే ఊళ్ళోనే దొరుకుతున్నాయి, లండన్ పరుగులు తప్పాయి. పెద్ద తెర కావాలంటే స్టేడియం దగ్గర ఐమాక్స్, కారు లేకపోతే అక్కడికి వెళ్ళడం కొంచెం కష్టం. రెండు చోట్లా మధ్యలో ఇంటర్వెల్ ఉంటుందని అనుకోవద్దు. పెద్దవాళ్ళని తీసుకెళ్తే లేచి వెళ్ళడానికి వీలుగా వరస చివరి సీట్లు బుక్ చేసుకోండి.